చాగలమర్రి దాటినాక తగిలే కడప

నేను పెరిగినవన్నీ అద్దె ఇళ్లే. మా నాన్నకు కడపలో ఉద్యోగం. రెండు మూడేళ్లకొకసారి ఇల్లు మారేవాళ్లం. ఒక ఇంట్లో గోడకు మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు, ఇంకో ఇంట్లో ఇంటి ఓనరమ్మ కొళాయి దగ్గర కాపలా కూర్చునేది. అందుకే నా తోటి ఆడవాళ్లు పుట్టింటి కబుర్లు మొదలుపెట్టి వాకిలి, పెరడు, బావి అంటూ వరసపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అది ఉత్త అసూయ. పుట్టిల్లని చూపించుకోవడానికి నాకు ఒక గుమ్మం కూడా లేదు.

నాకున్నది రోడ్డు మీద ఒక చోటు. కర్నూలు నుంచి కడపకు పోయేటప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ అయ్యాక చాగలమర్రి వస్తుంది. ఊరు దాటినాక ఒక కల్వర్టు ఉంది. ఎప్పుడో లారీ గుద్దితే ఒకవైపు పిట్టగోడ విరిగిపోయింది, ఇప్పటికీ అట్లాగే ఉంది. అక్కడికి వచ్చేసరికి మా కారు రేడియోలో కడప స్టేషన్ తగులుకునేది. అంతవరకూ గరగరమన్నది కాస్తా ఎవరో తలుపు తీసినట్టు తేటపడేది. సాయంత్రం రైతుల కార్యక్రమం వచ్చే వేళకు మేము అక్కడ ఉండాలని నేను ఇంటి దగ్గరే తొందరపెట్టి బయల్దేరదీసేదాన్ని. శనగ వేసిన రైతో, పసుపు వేసిన రైతో మైకు ముందు బెదురుతూ మాట్లాడుతుండేవాడు. ఆ మాట మా అమ్మ మాట. వాక్యం చివర కాస్త సాగదీసి, నిదానంగా కిందికి దించి వదిలిపెట్టే కడప మాట. అది చెవిన పడగానే నేను సీట్లో సర్దుకుని కూర్చుని కొంగు సరిచేసుకునేదాన్ని. అక్కణ్ణుంచి నేను కోడల్ని కాదు, కూతుర్ని.

మా ఆయనది ఆలూరు. పెళ్లయి అక్కడికి పోయిన కొత్తలో నేను నోరు విప్పితే ఇల్లంతా నవ్వేది. "మా కోడలు నీళ్లడిగినా పాట పాడినట్టుంటాది" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆమెకు నా మీద ప్రేమే, అందులో సందేహం లేదు. నేనే రోషం కొద్దీ ఆ సాగదీత తగ్గించుకున్నాను. ఆ తర్వాత కర్నూలులో కాపురం, ఇప్పుడు కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో సొంత ఇల్లు. ఇన్నేళ్లలో నా మాట ఆలూరుకూ చెందలేదు, కడపకూ చెందలేదు. కావాలని కడప మాట మాట్లాడదామన్నా నాటకంలో వేషం కట్టినట్టుండేది. "నువ్వు వాళ్ల మనిషివి అయిపోతివి పాపా" అనేది అమ్మ. ఆ మాటను నవ్వుతూనే అనేది, నేనూ నవ్వుతూనే వినేదాన్ని.

నాన్న పోయాక అమ్మ కడపలోనే ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడు బెంగళూరు రమ్మన్నాడు, నేను కర్నూలు రమ్మన్నాను, రెండు చోట్లకూ ఆమె చుట్టంగానే వచ్చి పోయింది. మేము కడపకు వస్తున్నామంటే ఆమెకు ఒక పట్టింపు ఉండేది. దారిలో ఫోన్ చేయకూడదు. బండి నడుస్తున్నప్పుడు ఫోన్ మోగితే మా ఆయన చూపు రోడ్డు మీద నిలవదని ఆమె భయం. "ఫోనొద్దు పాపా, రేడియో పెట్టుకోండి. అది తగులుకుంటే మీరు దగ్గరికి వచ్చినట్టే" అనేది. అక్కడ ఆమె కూడా అదే రేడియో పెట్టుకుని కూర్చునేది. రైతుల కార్యక్రమం అయిపోగానే లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేది. మేము గడపలో కాలు పెట్టేసరికి అన్నం పొగలు కక్కుతుండేది.

కాళ్లు కడుక్కుని కూర్చోగానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే. "రేడియోలో ఏం చెప్పినారు పాపా?"

ఆమె కూడా విన్నదేగా, మళ్లీ నన్నెందుకు అడగడం అని మా ఆయన నవ్వేవాడు. ఆమెకు కావలసింది శనగ గురించి కాదు. నేను ఏ ముక్క నుంచి విన్నానో చెబితే, ఆ ముక్క వచ్చినప్పుడు తానేం చేస్తున్నదో ఆమె చెప్పేది. "విత్తనం శుద్ధి కాడినుంచి విన్నావా? అప్పుడు నేను కారం దంచుతాండా. ఐతే నువ్వు కలవటు కాడికొచ్చింటావ్" అని లెక్క కట్టి తృప్తిపడేది. మేమింకా రోడ్డు మీద ఉండగానే ఇద్దరం కలుసుకున్నట్టు ఆమె లెక్క. నాకూ అంతే అనిపించేది.

ఆ రేడియో కోసం కారులో మా ఇద్దరికీ కొన్నాళ్లు యుద్ధం జరిగింది. ఆయనకు కర్నూలు స్టేషన్ కావాలి, పాటలు కావాలి. చివరికి ఒప్పందానికి వచ్చాం. కల్వర్టు దాకా ఆయన ఇష్టం, కల్వర్టు దాటితే నా ఇష్టం. తిరుగు ప్రయాణంలో కల్వర్టు రాగానే ఆయన చెయ్యి దానంతట అదే రేడియో మీదికి పోయేది. కడపలో మాట్లాడుతున్న మనిషిని సగం మాటలో ఆపేసి పాటలు పెట్టేవాడు. ఒప్పందం ఒప్పందమే కాబట్టి నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

అమ్మ పోయింది. ఆమె ఇంట్లోకి వేరేవాళ్లు అద్దెకు వచ్చారు. ఇక కడపకు పోవడానికి కారణం అంటూ ఏదీ మిగల్లేదు, మేము పోలేదు. అందుకే కారు రేడియోలో కడప ఎప్పుడు మూగబోయిందో మాకు తెలియనే తెలియదు. కర్నూలులో ఆయన పాటలు బాగానే వస్తుండేవి. ఊళ్లోనే ఉన్న స్టేషన్ కాబట్టి దానికి యాంటెన్నాతో పెద్ద పని లేదట.

మేము ఈ ఏడు కొత్త కారు కొన్నాం. ముందు అద్దం కింద పలకంత తెర ఉంది, దాంట్లో లేని ముచ్చట లేదు. రేడియో కూడా ఉంది గానీ కడప పలికే రకం లేదు. మీడియం వేవ్ అనేదాన్ని తీసేశారట. పాత కారును ఆలూరులో ఉండే మా ఆయన చిన్నాన్న కొడుకు తీసుకుంటానన్నాడు, ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడు. దానికి ముందు కారు శుభ్రం చేద్దామని నేను కూర్చుని, ఊరికే, చెయ్యి ఊరుకోక, రేడియో తిప్పాను. కడప ఉండే చోట ఏమీ లేదు. గరగర కూడా లేదు. గోడకు చెవి ఆనించినట్టుంది.

నాకు ఏమైందో తెలియదు. లోపలికి పోయి ఆయనతో, "ఇది పలికిందాకా బండి ఇచ్చేది లేదు" అన్నాను.

"ఫోన్లో వస్తాది కదే కడప. పెట్టిస్తి కదా నీకు" అన్నాడు ఆయన.

నిజమే, పెట్టించాడు. అమ్మ పోయిన కొత్తలో నేను దిగులుగా ఉన్నానని ఆయనే ఫోన్లో రేడియో యాప్ ఎక్కించి, వంటింట్లో స్టాండు కూడా పెట్టాడు. చక్కగా వస్తుంది. కడప ఎప్పుడంటే అప్పుడు అక్కడే ఉంటుంది. పోపు వేస్తున్నా ఉంటుంది, గిన్నెలు తోముతున్నా ఉంటుంది. కానీ అది ఎక్కణ్ణుంచీ రాదు, నేను దాని దగ్గరికి పోయేదీ లేదు. నాలుగు రోజులు విని ఆపేశాను. ఆయనతో మాత్రం, "ఒక్కసారి కల్వర్టు కాడికి పోయి వినొస్తే చాలు. ఆ తర్వాత బండి ఎవరైనా తీసుకుపోనీ" అన్నాను.

ఆయన మెకానిక్ షెడ్డుకు పోయి అడిగాడు. వాళ్లు నవ్వారట. ఈ కాలంలో రేడియో ఏంది సార్, బ్లూటూత్ పెట్టిస్తాం అన్నారట. వేరేవాళ్లకు ఇచ్చేసే బండికి దుడ్లు పెట్టేదేంటికని ఆయనకూ లోపల ఉంది, కానీ నా ముఖం చూసి, పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, తీగతో సహా ఉండే యాంటెన్నా ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరి చేతా కాకపోతే మనమే వేద్దామన్నాడు. ఆయన జీవితంలో బల్బు తప్ప మార్చింది లేదు.

శుక్రవారం పొద్దున టిఫిన్ అయ్యాక పోర్టికోలో పని మొదలైంది. ఫోన్లో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో పెట్టి బానెట్ మీద నిలబెట్టాడు. మా కారుకు యాంటెన్నా ఎడమవైపు ముందు మడ్గార్డు మీద ఉంటుంది, సరిగ్గా నా సీటుకు ఎదురుగా. ఆయన దాన్ని నీ పుల్ల అనేవాడు. పుల్ల కింద ఒక నట్టు, ఆ నట్టు కిందినుంచి తీగ మడ్గార్డు లోపలికి దిగి, ఒక రబ్బరు బెజ్జంలోంచి కారు లోపలికి వచ్చి, నా కాళ్ల దగ్గర పైకెక్కి, సామాన్లు పెట్టుకునే డబ్బా వెనక నుంచి రేడియో వీపులోకి పోతుంది. మొదట ఆ డబ్బా ఊడదీశాం. లోపల వేరుశనగ పొట్టు తప్ప ఏమీ లేదు. కడప దారిలో నేను తిని పడేసిన పొట్టంతా అక్కడ చేరింది. రేడియోను ముందుకు లాగి, వెనక నుంచి తీగ మొన ఊడపీకాడు. అంతవరకూ బాగానే జరిగింది, ఆయన మీసం కూడా దువ్వుకున్నాడు.

పుల్ల కింది నట్టు మాత్రం కదల్లేదు. స్పానర్ జారిపోతుంది తప్ప తిరగదు. ఆయన వంగి చూసి, గోటితో గీకి, "ఇదేందే?" అన్నాడు.

నేనూ వంగి చూశాను. నట్టు చుట్టూ గట్టిగా పెంకు కట్టి ఉంది. పైన ఎరుపు, కింద పసుపు, మళ్లీ ఎరుపు. పొరలు పొరలుగా పసుపూ కుంకుమా. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పెంకులు పెంకులుగా లేచింది. దాని కింద ఇనుము తుప్పు పట్టి పొట్టు రాలుతోంది. తీగ మొదట్లో రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే తెగి ఊడి వచ్చేసింది.

దసరాకు ఆయుధ పూజ చేస్తాం కదా. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, అవన్నీ ఆయన పని. బొట్లు పెట్టడం నా పని. స్టీరింగుకు ఒకటి, బానెట్‌కు ఒకటి పెట్టి, మిగిలిన పసుపు కుంకుమ అంతా నేను ఆ పుల్ల మొదట్లో పెట్టేదాన్ని. కలశంలో మిగిలిన నీళ్లు కూడా తెచ్చి అక్కడే పోసేదాన్ని. ఇంజన్ ఆయనది, నాది ఆ పుల్ల. కారు కడిగేటప్పుడు కూడా పూజ చేసిన చోటని అక్కడ గుడ్డ పెట్టి రుద్దనిచ్చేదాన్ని కాదు. మొన్న దసరాకు కూడా పెట్టాను, మూగదని తెలియక.

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి నవ్వాడు. "ఎలుక కొరికిందేమో అనుకుంటి. నీ భక్తి కొరికింది దీన్ని" అన్నాడు.

మామూలుగా ఐతే అంతకు అంత నేనూ అనేదాన్ని. ఆ రోజు పోర్టికో మెట్టు మీద కూర్చుండిపోయాను. కడప నుంచి బయల్దేరే ప్రతిసారీ అమ్మ నా ఒడిలో పసుపు కుంకుమ పెట్టి పంపేది. ఇంట్లో ఏమీ లేనప్పుడు కూడా ఆ రెండు పొట్లాలు మాత్రం ఉండేవి. పుట్టింటి నుంచి వచ్చినదాన్ని ఆ పుల్లకు పెడుతూ, మళ్లీ పుట్టింటికే పెట్టుకుంటున్నా అనుకున్నాను. ఏటేటా భద్రంగా, చేతులారా, దాని గొంతు నులిమాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయినప్పుడు నలుగురిలో ఏడ్చాను గానీ ఇట్లా ఏడవలేదు. అమ్మ మీద బెంగ అనుకుంటే అదీ ఉంది. ఇంకో బెంగ కూడా ఉంది. ఆ మాట మళ్లీ ఎప్పటికీ నా చెవిన అట్లా పడదేమో, ఆ కల్వర్టు దగ్గర నేను ఇక కూతుర్ని కానేమో అని.

ఆయన కాసేపు స్పానర్ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఓదార్చడం ఆయనకు రాదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టి, "తీగ తెగింది కానీ రేడియో తెగలే కదా. లేయి, వేద్దాం" అన్నాడు.

నీళ్లు తాగి లేచాను. నేను లేచేసరికి ఆయన నట్టు తిప్పేసి, పాత తీగను మడ్గార్డులోంచి బయటికి లాగడానికి పగ్గం పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఆగు. లాగొద్దు" అన్నాను.

"లాగకుంటే ఎట్ల వస్తాది?"

"అది బయటికొస్తే కొత్తది లోపలికి ఎట్ల పోతాది? ఆ సందులో యాడ వంక తిరిగిందో, యాడ లేచిందో నీకేమన్నా తెల్సా?"

ఆయన వీడియో వైపు చూశాడు. వీడియోలో అతను ఆ ముక్క చెప్పకుండానే తర్వాతి పనికి పోయాడు.

నేను లోపలికి పోయి కుట్టు మిషన్ డబ్బాలోంచి లంగా బొందు చుట్ట తెచ్చాను. లంగా బొందు పాతబడితే దాన్ని ఊడబెరికి, ఆ తర్వాత లంగా నడుం మడతలో, నేఫాలో, కొత్తది ఎక్కించాలని తంటాలు పడే ఆడది ఎక్కడా ఉండదు. పాతదాని చివరకు కొత్తది ముడి వేసి, పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంటే వస్తుంది. పాతది పోతూ పోతూ కొత్తదానికి దారి చూపించి పోతుంది. ఈ మాట ఆయనకు చెబితే, "ఇంత బుద్ధి పెట్టుకుని ఆ పుల్లకు నీళ్లెట్ల పోస్తివే" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

కారు లోపల ఊడిన తీగ మొనకు బొందు ముడి వేసి, ముడి ఎక్కడా చిక్కుకోకుండా టేపు చుట్టాను. ఆయన బయటినుంచి పాత తీగను మెల్లగా లాగాడు. నేను నా సీటు కింద తల పెట్టి బొందు వదులుతూ పోయాను. తెల్లటి బొందు ఆ చీకటి బెజ్జంలోకి పాకుతూ పోయింది. అవతల మడ్గార్డు పైన మురికి పట్టి బయటికి వచ్చింది. పాత తీగ విప్పేసి, కొత్త తీగ మొనకు బొందు కట్టాడు. ఇప్పుడు లాగే పని నాది.

రబ్బరు బెజ్జం దగ్గర అది ఇరుక్కుంది. నేను లాగితే బొందు సాగుతుంది తప్ప తీగ రాదు. బొందు తెగిందంటే అంతా పోయినట్టే. ఆముదం సీసా తెమ్మన్నాను. ఆయన బయటినుంచి తీగకు ఆముదం పట్టించాడు, నేను లోపలినుంచి వేలితో రబ్బరుకు రాశాను.

"వస్తాందా?" అంటాడు ఆయన మడ్గార్డు దగ్గర్నుంచి.

"నువ్వు నెట్టు, నేను లాగుతా" అంటాను నేను డ్యాష్‌బోర్డు కింద నుంచి.

పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఒక పని ఇంత సేపు చేసింది అదే అనుకుంటాను. ఒకసారి గట్టిగా లాగితే తీగ టప్పున వచ్చి నా ముక్కుకు తగిలింది. ముఖమంతా ఆముదం వాసన.

నట్టు బిగించే ముందు ఉప్పు కాగితం తీసుకుని నేనే ఆ చోటంతా రుద్దాను. తుప్పంతా పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. యాంటెన్నా మొదలు ఇనుముకు ఆనితేనే పలుకుతుందన్నది వీడియోలో అతను చెప్పిన ఒక్క మంచి మాట. పసుపు కుంకుమ పెంకులన్నీ కాగితంలో ఎత్తి, తొక్కుడు పడకూడదని తులసికోట మొదట్లో వేశాను.

రేడియో పెట్టాం. గరగర వచ్చింది. ఆ గరగరకే నాకు ప్రాణం లేచొచ్చింది, కానీ అందులో మాట ఏదీ లేదు. మా వీధి చివర వెల్డింగ్ షాపులు, గ్రిల్లులు కోసే మిషన్లు. అవి నడుస్తున్నంతసేపూ కర్నూలు తప్ప ఇంకేదీ వినపడదని ఆయన సమర్థించాడు. నాకు నమ్మకం కుదరలేదు. తీగ పని సరిగా కాలేదేమో, కల్వర్టు దాకా పోయి మూగదాన్ని ముందు పెట్టుకుని కూర్చోవాలేమో అని డోరు తెరుచుకుని అట్లాగే కూర్చున్నాను. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. అంతలో కరెంటు పోయింది. వెల్డింగ్ ఆగింది, మిషన్లు ఆగాయి, ఇళ్లలో ఇన్వర్టర్లు కూడా లేచినట్టు లేదు. రేడియోలో గరగర కిందికి దిగిపోయింది. దాని అడుగున, సన్నగా, దోమంత గొంతుతో ఎవరో ఆడమనిషి ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో తెలియలేదు. ఎక్కడిదో మాత్రం తెలిసింది.

"ఏమయ్యా, రా ఈడికి" అని పిలిచాను. ఆయన నురగ చేతులతోనే వచ్చి, చెవి వంచి విన్నాడు. కరెంటు వచ్చిందాకా ఇద్దరం కదల్లేదు.

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని పాత కారులోనే బయల్దేరాం. పాత అలవాటు ప్రకారం నేనే తొందరపెట్టాను. నంద్యాల దాకా ఆయన పాటలు. ఆళ్లగడ్డ దాటాక ఎడమవైపు నల్లమల కొండలు కనపడుతున్నాయి, నల్లరేగడి చేలల్లో శనగ మొలిచి ఉంది. చాగలమర్రిలో టీ తాగుదామా అని ఆయన అడిగాడు, నేను వద్దన్నాను. విరిగిన పిట్టగోడ అట్లాగే ఉంది. అక్కడ ఆయన బండి పక్కకు తీసి ఆపి, తానే చెయ్యి చాపి రేడియో తిప్పాడు.

కడప తగులుకుంది.

ఒక రైతు మాట్లాడుతున్నాడు. పెద్ద వయసు మనిషి. "మాకు ఆ మందు కొడితే పురుగు తగ్గింది సార్, కానీ ఆకు మాడిపోతాండాదీ" అంటున్నాడు. చివర అదే సాగదీత. మొదట నాకు అర్థం ఏమీ ఎక్కలేదు, ఉత్త గొంతు విన్నాను. అమ్మ కూరగాయల బండివాడితో బేరమాడినట్టుంది, నాన్న నా కాలి ముల్లు తీస్తూ కదలొద్దని అదిలించినట్టుంది. తర్వాత ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఏం చెబుతున్నారో పట్టుకోవాలి కదా, అమ్మ అడుగుతుంది కదా. అడిగే మనిషి లేదని ఆ వెంటనే గుర్తొచ్చింది. అయినా శ్రద్ధగా విన్నాను. పురుగు మందు పొద్దుగూకే వేళ కొట్టమన్నారు, నీళ్లు ఎక్కువ కలపమన్నారు, చేలో అక్కడక్కడా కొమ్మలు పాతితే పిట్టలు వాలి పురుగును తింటాయన్నారు.

కార్యక్రమం అయిపోయింది. అమ్మ లేచి బియ్యం కడిగే వేళ.

"కడపకు పోదామా?" అన్నాడు ఆయన.

"యాడికి పోయేది?" అన్నాను. ఆయన బండి వెనక్కు తిప్పాడు.

తిప్పగానే ఒప్పందం ప్రకారం ఆయన చెయ్యి రేడియో మీదికి పోయింది. పోయి, దాని మీద ఒక నిమిషం ఆగి, మళ్లీ స్టీరింగు మీదికి వచ్చేసింది. కడప అట్లాగే మోగుతోంది.

ఇన్నేళ్లలో కడప రావడం ప్రతిసారీ విన్నాను. పోవడం ఎప్పుడూ వినలేదు. ప్రతిసారీ ఈ కల్వర్టు దగ్గర ఆయన దాని నోరు మూసేసేవాడు కాబట్టి అది ఎట్లా పోతుందో నాకు తెలియదు. ఇప్పుడు విన్నాను. చాగలమర్రిలో బాగానే ఉంది. ఆళ్లగడ్డ వచ్చేసరికి పొద్దు గూకింది. కరెంటు తీగల కింద నుంచి పోయినప్పుడల్లా మునిగి మళ్లీ తేలింది. చీకటి పడేకొద్దీ ఏవేవో భాషలు అడ్డం వచ్చాయి. ఒకసారి కన్నడం, ఒకసారి ఇంకేదో. వాటి మధ్య నుంచి ఒక తెలుగు ముక్క, కాసేపటికి ఇంకో ముక్క. ఇదే చివరి మాటేమో అనుకుంటాను, ఇంకొకటి వస్తుంది. నంద్యాల ముందర ఎక్కడో అది పోయింది. ఎక్కడ పోయిందో చూపించమంటే చూపించలేను. గరగర ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా ఇద్దరం ఆపలేదు.

నంద్యాల దాటి చాలా దూరం వచ్చాక, రోడ్డు మీద చూపు తిప్పకుండా ఆయన అడిగాడు. "రేడియోలో ఏం చెప్పినారే?"

నా పక్కనే కూర్చుని మొత్తం విన్న మనిషి. ఏమీ విననట్టే అడిగాడు.

"శనగకు పురుగు పట్టిందంట" అన్నాను. "పెద్దాయన ఎవరో చెప్తాండాడు. మందు కొడితే పురుగు పోయిందంట గానీ ఆకు మాడిపోతాండాదంట. పొద్దుగూకినాక కొట్టమన్నారు. నీళ్లు శానా కలపాలంట. చేన్లో ఆడాడ కొమ్మలు పాతితే పిట్టలొచ్చి తింటాయంటా..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆ 'అంటా' చివర నా గొంతు సాగి, నిదానంగా కిందికి దిగింది. నేను సాగదీయలేదు, అదే సాగింది. అమ్మ బతికి ఉండగా ఆమె ముందు కూర్చుని ఎంత ప్రయత్నించినా రానిది, ఆమె వినలేని ఈ చీకటి రోడ్డు మీద వచ్చింది.

ఆయనకూ వినపడినట్టుంది. తల ఇటు తిప్పలేదు. రేడియో గరగర కాస్త తగ్గించి, "ఊఁ, ఇంగేం చెప్పినారు?" అన్నాడు.

కల్లూరు వచ్చిందాకా చెబుతూనే ఉన్నాను.